అబ్రహాము దగ్గు

కృపకు చూపు పోయిన ఏడాదే వాళ్ల నాన్న అబ్రహాముకు దగ్గు పట్టుకుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజున వచ్చిన కోపం మాత్రం అంతా ఇంతా కాదు.

నా పేరు రేణుక. మొయినాబాద్‌లో చూపు లేనివాళ్లకు పని నేర్పే ఒక చిన్న కేంద్రం ఉంది. అక్కడ నేను నడక నేర్పిస్తాను. నడక నేర్పడమేమిటి, వాళ్లేమైనా చంటిపిల్లలా అని మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. తెల్ల కర్ర పట్టుకుని ఇల్లు దాటి, బస్సెక్కి, దిగి, రోడ్డు దాటి, పని చేసే చోటికి ఒంటరిగా చేరడం మాటలు కాదు. చేతిలో బంగారంలాంటి పని ఉండి కూడా, తీసుకెళ్లే మనిషి లేక మంచానికి అంటుకుపోయినవాళ్లను ఎంతమందినో చూశాను. అందుకే నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అయ్యో పాపం" అనే మాట వినబడితే ఒళ్లు మండుతుంది.

కృపది చేవెళ్ల పక్కన పల్లె. అబ్రహాము చామంతి తోట వేస్తాడు, ఆదివారం చర్చిలో సంఘపెద్ద. కృప డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా కంటి నరాలు దెబ్బతిన్నాయి. ఏ దవాఖానలోనూ ఇక లాభం లేదన్నారు. తర్వాత కొన్నేళ్లు ఇంట్లోనే ఉండి, ఆఖరికి వాళ్లమ్మ ప్రేమమ్మ పోరు పడలేక మా దగ్గరికి వచ్చింది. దుప్పట్లు, తువ్వాళ్లు మడతపెట్టి కట్టలు కట్టే పని నేర్చుకుంది. ఆమె వేసిన మడత చూస్తే ఇస్త్రీ పెట్టె సిగ్గుపడాలి.

నడక మాత్రం రాలేదు. కేంద్రంలో కర్ర చేతిలో ఉన్నా రెండో చెయ్యి గోడ మీదే ఉండేది. ఊళ్లో అయితే గాలిలా తిరుగుతుందని ప్రేమమ్మ చెప్తే, చూద్దామని ఒక రోజు వెళ్లాను.

నిజంగానే తిరిగింది. ఇంటి నుంచి చర్చికి, చర్చి నుంచి తోటకు. కర్ర నేలకు ఆనడం లేదు, గాలిలో ఉంది. అబ్రహాము వెనకాల కండువా భుజాన వేసుకుని తీరిగ్గా వస్తున్నాడు. మురికినీళ్ల మోరీ దగ్గరికి వచ్చేసరికి దగ్గాడు. ఆమె ఆగింది. అతను రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ దగ్గాడు. ఆమె అటు తిరిగి నడిచింది. మొదట నాకు అర్థం కాలేదు. తోట గేటు దగ్గర కూడా అదే జరిగేసరికి నా బుర్రలో దీపం వెలిగింది.

"అన్నా, జర చక్కెర తెస్తవా? చాయ్ తాగుదాం," అని అతన్ని దుకాణానికి పంపించాను. "కృపా, ఇంటికి పోదాం పద," అన్నాను.

పది అడుగులు కూడా వెయ్యలేదు. పక్కింటివాళ్ల ట్రాక్టరుకు నుదురు కొట్టుకుంది.

"ఎప్పుడు గిట్ల కాలే మేడం," అంది నుదురు పట్టుకుని. "ఇయ్యాల ఏమైందో ఏమో."

దాచడం నాకు చేతకాదు. దగ్గు సంగతి చెప్పేశాను. అబ్రహాము చక్కెర పొట్లంతో వచ్చాక కృప అడిగింది.

"బాపూ, నువ్వు దగ్గితెనే నేను నడుస్తున్ననా?"

"గొంతు గరగర బిడ్డా," అన్నాడు. ఆ మాట అని తలొంచుకున్నాడు. సంఘపెద్దకు అబద్ధమాడటానికి నోరు రాలేదు. "అవ్. నేనే దగ్గుతున్న."

"నాకు నడక వచ్చిందనుకున్న," అని ఆ పిల్ల ఏడ్చింది. తనకు కూడా తెలియకుండా చెవులు ఆ దగ్గుకు అలవాటుపడిపోయాయి. కాళ్లు ఆమెవే, నడక అతనిది.

నేను అబ్రహామును దులిపేశాను. "నువ్వు ఉన్నన్ని రోజులు దగ్గుతవ్. నువ్వు పోయినాక ఎవరు దగ్గాలె?"

"బిడ్డ గుంతల పడుతుంటె సూసుకుంట ఊకుండాల్నా మేడం?" అతను కూడా తగ్గలేదు.

"ఊకోవాలె. ఒకటి రెండుసార్లు పడాలె. నువ్వు సైకిల్ పడకుండనే నేర్చుకున్నవా?"

ఇక కృపే అంది. "బాపూ, నా ఎనుక రాకు. దగ్గకు. మాట ఇయ్యి."

"మేం ఒట్లు పెట్టుకోం బిడ్డా. అవునంటె అవును, కాదంటె కాదు. రాను. దగ్గను."

ఆ మాటకు ఆమె ముఖం తేటపడింది. అబ్రహాము మాట అంటే ఆ ఇంట్లో రాత కన్నా గట్టిది.

తర్వాతి వారాల్లో కృప మోకాళ్లు చాలాసార్లు చీరుకుపోయాయి. ప్రేమమ్మ పసుపు రాస్తూ నన్ను మనసులో తిట్టుకునే ఉంటుంది. కానీ కర్ర నేలకు ఆనింది. మొయినాబాద్‌లో చిల్కూరు గుడికి పోయే ఆటోవాళ్లు పొద్దున్నుంచి "చిల్కూర్, చిల్కూర్" అని అరుస్తూనే ఉంటారు కదా, ఆ కేకలే మాకు గుర్తు. బస్సు దిగాక ఆ కేకలు ఎడమ చెవికి వినబడాలి. అవి దాటితే వెల్డింగ్ షాపు చప్పుడు. దాని పక్కన సందు. సందు చివర లాండ్రీ.

ఆ లాండ్రీలోనే ఆమెకు పని చూశాను. చుట్టుపక్కల రిసార్టుల దుప్పట్లన్నీ అక్కడికే ఉతుకుడికి వస్తాయి. మేనేజరు ప్రభాకర్ మడతలు చూసి మెచ్చుకున్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు.

"నాకు దయ లేదనుకోకు మేడం. ఇంతకుముందు మీ కాడి నుంచి వచ్చిన పిలగాన్ని వాళ్లన్న తోలుకొచ్చేటోడు. ఆ అన్నకు వేరే పని దొరికింది, ఈయన రావుడు బంద్ అయింది. ఈమె ఒక్కతే ఇంటికాడి నుంచి గేటు దాక రావాలె. సోమవారం నేను గేట్ల నిలబడి చూస్త. వస్తె పని ఇస్త. ఎవరన్న తోలుకొస్తె మాత్రం వేరేటోళ్లను చూసుకుంట."

అతని మాటలో తప్పేమీ కనబడలేదు. అందుకే ఇంకా భయమేసింది. ఈ పని పోతే కృప మళ్లీ మంచం ఎక్కుతుంది. ఆ పిల్ల పట్టుదల నాకు తెలుసు, దాని అడుగున ఉన్న భయం కూడా తెలుసు. రెండోసారి లేపడం నా వల్ల అయ్యే పని కాదు.

సోమవారం పొద్దున కృప ఊరి నుంచి ఒక్కతే వచ్చి చేవెళ్ల బస్టాండులో బస్సెక్కింది. నేను దూరంగా వస్తానని ఆమెకు ముందే చెప్పాను. ప్రాణం మీదికి వస్తే తప్ప నోరు విప్పను, అది మా పద్ధతి. బస్సు కిటకిటలాడుతోంది. ఎవరో లేచి ఆమెకు సీటిచ్చారు. నేను మధ్యలో కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఊరికే వెనక్కి చూశానో లేదో, నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వెనక తలుపు దగ్గర, తలకూ ముఖానికీ కండువా చుట్టుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి అబ్రహాము నిలబడి ఉన్నాడు.

తిడదామంటే ఆమె వింటుంది. దిగిపొమ్మని చేత్తో సైగ చేశాను. తల అడ్డంగా ఊపాడు. పళ్లు కొరికాను. రెండు చేతులూ జోడించాడు, తర్వాత కండువా మీద నుంచే నోటికి వేలు అడ్డం పెట్టుకున్నాడు. దగ్గనని. మా మూగ కొట్లాట చూసి పక్కనున్న ఆవిడ నాకు ఒంట్లో బాగాలేదనుకుందో ఏమో, జరిగి చోటిచ్చింది. దారి పొడుగునా నేను అతన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను, మనసులోనే.

మొయినాబాద్ వచ్చింది. బస్సు రోజూ ఆగే చోట ఆగలేదు. కిటికీలోంచి చూస్తే ఎందుకో తెలిసింది. శనివారం దాకా బాగానే ఉన్న రోడ్డు పక్కను ఆదివారం తవ్విపోశారు. జేసీబీ మోగిపోతోంది. మోరీ కట్టడానికి లోతుగా గుంత తీసి, అడుగున ఇనుప చువ్వలు నిలబెట్టారు. అడ్డం కట్టిన రిబ్బను తెగి మట్టిలో పడి ఉంది. ఆటోలన్నిటినీ రోడ్డుకు అవతలి వైపు తరిమేశారు.

కృప దిగింది. నేనూ, అబ్రహామూ వెనక తలుపులోంచి దిగి దూరంగా నిలబడ్డాం. కర్ర నేలకు ఆనించి నిలబడి విన్నది. "చిల్కూర్, చిల్కూర్" కేకలు ఎడమ చెవికి రావాలి. కుడి వైపు నుంచి వస్తున్నాయి. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. తాను ఎటు తిరిగి ఉందో ఆమెకు అనుమానం వచ్చింది. ఒకసారి పూర్తిగా వెనక్కి తిరిగింది, మళ్లీ ముందుకు తిరిగింది. అలా తిరగడంలో నేర్చుకున్న దారి మొత్తం చెదిరిపోయింది. నాలుగడుగులు వేసి ఆగింది.

అప్పుడే గుంతకు అవతల, చాయ్ బండి దగ్గర కూర్చున్న ఒక ముసలాయన దగ్గాడు.

అచ్చం అబ్రహాము దగ్గే. గొంతు అడుగు నుంచి వచ్చే పొడి దగ్గు.

కృప భుజాలు వదులయ్యాయి. ముఖం ఆ దగ్గు వైపు తిరిగింది. కర్ర నేల మీద నుంచి పైకి లేచింది. ఊళ్లో చూసిన నడక అదే, ఆ గాలిలో తేలే నడక. నేరుగా గుంత మీదికి పోతోంది.

"కృపా! ఆగు!" అని అరిచాను. నా గొంతు జేసీబీ మోతలో కలిసిపోయింది. మళ్లీ అరిచాను. ఉరుకుదామంటే దిగే జనం, ఎక్కే జనం, మధ్యలో దూరిన ఒక ఆటో. ఆమె కన్నా ముందు నేను గుంత దగ్గరికి చేరలేను. అబ్రహాము నా పక్కనే ఉన్నాడు. నా అరుపు ఆ మోతలో వినబడదు కానీ, ఆ దగ్గు ఆమె చెవికి వంద మోతల్లో కూడా వినబడుతుంది.

"దగ్గు!" అన్నాను. "అన్నా, దగ్గు!"

అతను దగ్గలేదు.

"దగ్గవయ్యా!" అని వీపు మీద గుద్దాను. దగ్గొద్దని ఊరంతా వినేలా తిట్టిన దాన్ని నేనే.

అబ్రహాము కండువా కొస నోట్లో కుక్కుకున్నాడు. కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి, గొంతులో నరాలు ఉబ్బాయి. నడక చప్పుడుకు గుర్తుపడుతుందని చెప్పులు అక్కడే విడిచేసి ఉరికాడు. అతను మగవాడు, జనాన్ని భుజంతో తోసుకుంటూ పోయాడు. జేసీబీ పొగలో, ఆ మోతలో, ఉత్త కాళ్లతో పోయి బిడ్డ వెనక నిలబడ్డాడు. చెయ్యి చాచాడు. ఆ చేతికీ ఆమె జడకూ మధ్య జానెడు కూడా లేదు.

కృప ఆగింది.

ఎందుకు ఆగిందో నాకు అప్పుడు తెలియదు. గుంతకు అడుగు దూరంలో ఆగి, లేపిన కర్రను మెల్లగా కిందికి దించింది. కర్ర కొసకు నేల తగల్లేదు. అటు ఇటు ఆడించింది. లేదు. ఒక అడుగు వెనక్కి వేసింది. అబ్రహాము కూడా ఊపిరి బిగబట్టి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవరన్న ఉన్నరా?" అని గట్టిగా అడిగింది. "నా ముందట గుంత ఉన్నదా?"

చాయ్ బండి ముసలాయన గ్లాసు కింద పెట్టి లేచాడు. "ఆగు బిడ్డా, గుంతనే! అటు పో, అటు!" అని చెయ్యి ఊపాడు. మనవాళ్లను దారి అడిగితే నోటికంటే ముందు చెయ్యి లేస్తుంది.

"అటు అంటె నా కుడి పక్కకా, ఎడమ పక్కకా తాతా?"

ముసలాయన కాసేపు తన చేతులు తానే చూసుకున్నాడు. "ఎడమకు," అన్నాడు. ఈలోగా ఆకుకూరల గంప దించిన ఒకామె వచ్చి కృప రెక్క పట్టుకుని గుంజబోయింది. "నన్ను పట్టుకోకు అక్కా, నేనే నీ మోచెయ్యి పట్టుకుంట. వెల్డింగ్ షాపు దాక చాలు," అంది. నేను నేర్పిన మాట నేర్పినట్టే అంది. నేను కరెంటు స్తంభానికి ఆనుకున్నాను.

అబ్రహాము చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత ఎవరో చెప్పినట్టు దించుకున్నాడు. నేను చెప్పులు తెచ్చి అతని ముందు పడేశాను. "ఇంటికి పో," అన్నాను. తల ఊపాడు. పోలేదు.

లాండ్రీ గేట్లో ప్రభాకర్ నిలబడి ఉన్నాడు. సందులో ఒంటరిగా, కర్ర ఆడిస్తూ కృప రావడం అతను చూశాడు. అతని ముఖంలో నవ్వు కనబడగానే నేను కూడా దగ్గరికి వెళ్లాను.

"వచ్చిన సార్," అంది కృప. ఆయాసపడుతోంది, దుపట్టా నిండా మట్టి. కానీ ఆ ముఖంలో వెలుగు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. "ఒక్క నిమిషం సార్, మా బాపుకు ఫోన్ చేస్త. ఇంటికాడ ఫికర్ చేస్తుంటడు."

వద్దని ఎలా చెప్పను? నోరు తెరిచేలోపే ఫోన్ కలిసింది.

మా వెనక, వెల్డింగ్ షాపు గోడ చాటు నుంచి చర్చి పాట మోగింది. జేబులో ఫోను దొరక్క అబ్రహాము తడుముకుంటున్నాడు. పాట ఆగడం లేదు.

కృప ఫోను చెవి మీద నుంచి తీసింది. పాట వచ్చే వైపు తిరిగింది. వెలుగంతా దిగిపోయింది.

ప్రభాకర్ నా వైపు చూశాడు. "తోడొచ్చిండు కద మేడం. ఇదేం లెక్క? నాతోటి ఆటలా?"

"బాపూ," అంది కృప.

అబ్రహాము గోడ చాటు నుంచి వచ్చాడు. కండువా కొస ఉమ్మితో తడిసి ఉంది. "వచ్చిన బిడ్డా."

"రానని మాట ఇచ్చినవ్."

"ఇచ్చిన. తప్పిన." గొంతు బొంగురుపోయింది. "వచ్చిన, కని దగ్గలే."

"గుంత కాడ దగ్గింది నువ్వు కాదా?"

"కాదు బిడ్డా. చాయ్ బండి కాడ ఎవరో."

కృప చాలా నెమ్మదిగా చెప్పింది. "ఆ దగ్గు ఇని, నువ్వే వచ్చినవనుకుని నడిచిన. మళ్ల యాదికొచ్చింది. మా బాపు మాట ఇచ్చిండు, రాడు, ఇది వేరెవరో అనుకున్న. అందుకే ఆగి కర్ర దించిన. నువ్వు రావనే నమ్మకంతోనే ఆగిన బాపూ."

నేను అబ్రహామును అన్ని తిట్లు తిట్టాను కదా, ఒక్కటీ ఇంత లోతుగా దిగలేదు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కుంగిపోయాడు. నాకు జాలి వేసింది. అవును, నాకే.

ప్రభాకర్ వైపు తిరిగాను. "తప్పు పట్టాలంటె నన్ను పట్టు సార్. గుంతల పడుతదని భయపడి, దగ్గి ఆపుమని వీపు మీద గుద్దింది నేను. ఆయన దగ్గలే, ముట్టలే. ఆమె ఆగింది, అడిగింది, వచ్చింది. గుంత కాడ ముసలాయన ఉన్నడు, పోయి అడుగు."

దగ్గు సంగతి అతనికి ఏమర్థమైందో నాకు తెలియదు. ఆమె దుపట్టాకు అంటిన మట్టి చూశాడు, అబ్రహాము ఉత్త కాళ్లు చూశాడు. చివరికి కృపనే అడిగాడు.

"రేపు కూడ మీ నాయన ఎనుక వస్తడా?"

'రాడు సార్' అంటుందని అనుకున్నాను. అబ్రహాము కూడా ఆ మాట కోసమే చూస్తున్నాడు, ఆమె ఇంకొకసారి తనను నమ్ముతుందని.

"నాకు తెల్వదు సార్," అంది. "వస్తె రానీ. వచ్చినా రాకున్నా నేను మాత్రం వస్త."

ప్రభాకర్ గేటు రెక్క తెరిచాడు. "లోపలికి రా. ఎడమకు మూడు మెట్లున్నయ్," అన్నాడు. చెయ్యి చూపించకుండా నోటితో చెప్పినందుకు ఇందాక అతని మీద వచ్చిన కోపం కొంచెం తగ్గింది.

కృప ఒక అడుగు వేసి ఆగింది. "బాపూ, చెప్పులేసుకున్నవా? నడక చప్పుడు ఇనరాలే."

అబ్రహాము చేతిలోని చెప్పులు కింద వేసి తొడుక్కున్నాడు. "ఏసుకున్న బిడ్డా."

"ఇగ ఇంటికి పో. పొద్దుగూకినాక వస్త."

ఆమె లోపలికి నడిచింది. కర్ర మొదటి మెట్టుకు తగిలింది. సరిగ్గా అప్పుడే అబ్రహాము గొంతులో పొద్దున్నుంచి అణిచిపెట్టిన దగ్గు తెగింది. కావాలని దగ్గింది కాదు. కండువా నోటికి అడ్డం పెట్టుకునే లోపే బయటికి తన్నుకొచ్చింది. మనిషి వంగిపోయి, గోడ పట్టుకుని, ఆపలేక, ఆగకుండా దగ్గాడు. ఆ దగ్గు సందంతా వినబడింది. కృపకు వినబడకుండా ఉండదు.

నేను మెట్ల వైపు చూశాను. రెండో మెట్టు మీద కర్ర టక్కుమంది. మూడో మెట్టు మీద టక్కుమంది. తర్వాత లోపలి యంత్రాల చప్పుడులో కలిసిపోయింది.

సంచీలోంచి నీళ్ల సీసా తీసి అబ్రహాముకు ఇచ్చాను. తాగి, ముఖం తుడుచుకుని, ఖాళీ గేటు వైపు చూస్తూ అన్నాడు.

"బిడ్డ ఆగలే మేడం."

"అవ్ అన్నా, ఆగలే," అన్నాను. ఇద్దరం బస్సు కోసం రోడ్డు వైపు నడిచాం.